ఒత్తు ఎక్కడుందో వినేవాళ్లు

పోచంపాడ్ కాలువ కింది రైతు ఫోన్లో "నీళ్లు ఎప్పుడిడుస్తరు?" అని అడిగితే మాటను గుర్తించే యంత్రం తడబడొచ్చు. పత్రికల భాషతోనే నేర్చినదైతే దానికి "ఎప్పుడు విడుస్తారు" ఒక్కటే తెలుసు. ఆ తేడాను పట్టిచ్చేది ధ్వనిశాస్త్రం తెలిసిన పనివాళ్లు.

వాళ్ల పనితనం దగ్గర్నుంచి చూడాలి. ధ్వనిని విశ్లేషించే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో ఆ మాట తెరిస్తే 'ప్ప' దగ్గర తరంగం కాసేపు చదునవుతుంది. పెదవులు మూసుకున్నది అక్కడే. ఆ మౌనం ఎంతసేపుందో దాన్నిబట్టే ఒత్తు తెలుస్తుంది. ఆపైన 'డు'లో ఉకారం జారింది, 'వి'లో వకారం పోయింది, 'స్తా' పొట్టిదై 'స్త' అయింది. ఒక్కో హద్దునూ మిల్లీసెకన్లలో గీసి, ఉచ్చారణ నిఘంటువులో రెండో రూపాన్నీ చేరుస్తారు. వాళ్ల లెక్కలో ఇవి తప్పులు కావు, సూత్రానికి లోబడిన మార్పులు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1962లోనే వ్యవసాయ వృత్తిపదకోశంతో రైతుల మాటను శాస్త్రానికి ఎక్కించారు. డెవలపర్లూ, కోడ్ రాసేముందు బోధన్ చెరకు రైతు మాట ఒక పూట వినండి. ధ్వని తెలిసినవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి.