ఐ.టి. సేవాసంస్థల సైబర్ భద్రతాచరిత్ర: ప్రకటనల తులనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
ఐ.టి. సేవాసంస్థలను సైబర్ భద్రత దృష్ట్యా పోల్చేటప్పుడు ఏ సంస్థపై ఎన్ని దాడులు జరిగాయన్న లెక్కనే ప్రమాణంగా తీసుకోవడం సులభం. కాని ఈ ప్రమాణంలో ఒక దోషం ఉంది. దాడిని వెల్లడించిన సంస్థకు మచ్చ మిగులుతుంది; దాచిన సంస్థ చరిత్ర నిర్మలంగా కనిపిస్తుంది. కనుక ఎవరు ముందుగా చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు, ఏది చెప్పలేదు అన్న ప్రశ్నలతో మూడు ఘటనలను పరిశీలించడం సముచితం.

2. మూడు ఘటనలు:
2019 ఏప్రిల్‌లో విప్రోపై జరిగిన దాడిని మొదట వెల్లడించినది అమెరికన్ పాత్రికేయుడు బ్రయాన్ క్రెబ్స్. ఆ తరువాతే సంస్థ, కొద్దిమంది ఉద్యోగుల ఖాతాల్లో అసాధారణ కార్యకలాపం కనిపించిందని అంగీకరించింది. ఈ వాక్యంలో దాడి చేసిన కర్త లేడు. నష్టానికి గురయ్యే ఖాతాదారుడూ లేడు. విప్రో వ్యవస్థల ద్వారా దాని ఖాతాదారులపై గురిపెట్టారన్నదే క్రెబ్స్ కథనంలోని ప్రధానాంశం.

కాగ్నిజెంట్ 2020 ఏప్రిల్ 18న, తనపై జరిగినది ‘మేజ్’ రాన్సమ్‌వేర్ దాడి అని పేరుతో సహా తానే ప్రకటించింది. తరువాత నష్టాన్ని 5 నుంచి 7 కోట్ల డాలర్లుగా అంచనా వేసింది.

ఇన్ఫోసిస్ అమెరికా అనుబంధసంస్థ మెక్‌కామిష్‌పై 2023 నవంబరులో దాడి జరిగింది. ఇన్ఫోసిస్ వెంటనే స్టాక్ ఎక్స్ఛేంజీలకు తెలిపింది. అయితే 60 లక్షలకు పైగా వ్యక్తుల సమాచారం పరులపాలైందన్న సంగతి 2024లో గాని స్పష్టం కాలేదు.

3. విశ్లేషణ:
పై మూడింటిలో కాగ్నిజెంట్ ప్రకటన నిక్కచ్చిగా ఉంది. ఇన్ఫోసిస్ ప్రకటన మదుపరులకు వేగంగా, బాధితులకు ఆలస్యంగా అందింది. అంతమాత్రాన నిక్కచ్చితనమే భద్రత అనుకోరాదు. 2023లో తమపై జరిగిన దాడి సమయంలో కాగ్నిజెంట్ సహాయకేంద్రం సిబ్బంది గుర్తింపు సరిచూడకుండానే పాస్‌వర్డులు ఇచ్చారని ఆరోపిస్తూ క్లోరాక్స్ సంస్థ 2025లో దావా వేసింది. తాము పరిమిత సేవలకే బాధ్యులమంటూ కాగ్నిజెంట్ దానిని ఖండించింది. ఒప్పుకోవడంలోని నిజాయితీ, కాపాడడంలోని సామర్థ్యం రెండూ వేరువేరు కొలతలని దీనివల్ల తెలుస్తుంది.

4. ముగింపు:
భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా దానికి నివేదించాలి. ఆ నివేదిక ప్రభుత్వానికి చేరుతుంది. సమాచారం పోగొట్టుకున్న వ్యక్తికి కాదు. దాడిని గుర్తించిన నాటి నుంచి ఆ వ్యక్తికి కబురందే నాటి వరకు గడిచిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే సంస్థల మధ్య పోలికకు అర్థం చేకూరుతుంది.