చెట్టు కింద ఐస్‌క్రీమ్

పిల్లల చేత నటింపజేయడం కన్నా, కెమెరా ముందు వాళ్లను పిల్లల్లాగే ఉండనివ్వడం కష్టం. ఆ విద్య రాబర్ట్ మెక్‌గోవన్‌కు తెలుసు. హాలీవుడ్‌లో హాల్ రోచ్ 1922లో మొదలుపెట్టిన ‘అవర్ గ్యాంగ్’ పొట్టి హాస్య చిత్రాల తొలి పదేళ్లలో చాలావాటికి దర్శకుడు ఆయనే.

1930లో వచ్చిన ‘టీచర్స్ పెట్’ చూడండి. కొత్త పంతులమ్మను ఏడిపించాలని జాకీ అనే కుర్రాడు ఎలుకనూ, చీమలనూ, తుమ్ముల పొడినీ సిద్ధం చేయిస్తాడు. బడికి వెళ్లే దారిలో ఓ అందమైన ఆవిడ కారెక్కించుకుంటే, మురిసిపోయి ఆ పన్నాగమంతా ఆవిడకే చెప్పేస్తాడు. ఆవిడే ఆ పంతులమ్మ, మిస్ క్రాబ్‌ట్రీ!

నాకు ప్రాణం చివరి ఘట్టం. సిగ్గుతో బడి బయట చెట్టు కింద ఏడుస్తున్న జాకీ దగ్గరికి ఆవిడే ఐస్‌క్రీమ్ పట్టుకొస్తుంది. కన్నీళ్లు ఆరకముందే వాడి ముఖంలోకి ఆరాధన వచ్చేస్తుంది. అప్పటికి ఆ వేషం వేసిన జాకీ కూపర్‌కు ఏడెనిమిదేళ్లు! మెక్‌గోవన్ ఆ ముఖాన్ని తొందరపెట్టడు. నవ్వించే సినిమాలో అంతటి ఓపిక అరుదు. పంతులమ్మగా వేసిన జూన్ మార్లో కూడా వాడి ఇష్టాన్ని వేళాకోళం చేయదు, మన్నిస్తుంది.

ఈ ‘అవర్ గ్యాంగ్’ చిత్రాల్లోనే తర్వాతి రోజుల్లో డార్లా అనే పాప కోసం అపశ్రుతుల్లో గొంతెత్తిన అల్ఫాల్ఫా కూడా ముద్దొస్తాడు. కానీ నేను మళ్లీ మళ్లీ వెళ్లేది జాకీ దగ్గరికే. ‘టీచర్స్ పెట్’ తర్వాతి ‘స్కూల్స్ ఔట్’లో పంతులమ్మ పెళ్లి చేసుకుని వెళ్లిపోతుందేమోనన్న భయంతో, ఈ పిల్లలు ఆవిడ సొంత తోబుట్టువునే పెళ్లికొడుకనుకుని తరిమేయబోతారు.