డబ్బా అడుగున పనితనం

నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో తెల్లవారుజామున ప్రయాణం చేస్తే రొయ్యల గుంటలు, వాటిలో ఏరియేటర్ల చక్రాలు చిమ్మే తెల్లటి నురగ కనిపిస్తాయి. చూసేవాళ్లకు ఆ నురగే అందం. నేను రాయదలచింది గట్టు మీద రెండు సిమెంటు స్తంభాల నడుమ బిగించిన బూడిదరంగు ఫైబర్ డబ్బా గురించి. ఆ చక్రాలను తిప్పే స్టార్టర్లు, కాంటాక్టర్లు, బ్రేకర్లు అన్నీ దాని కడుపులోనే ఉంటాయి. ఇందుకూరుపేట మండలంలో అలాంటి డబ్బా ఒకటి చూసినప్పుడు అందరిలాగే నేనూ తలుపు తెరవబోయాను. దాన్ని బిగించిన పెద్దాయన ఆపాడు.

"తలుపులో ఏముంది నాయనా, అందరి డబ్బాలోనూ అవే సామాన్లు. కింద కూచుని అడుగు చూడు."

కూచున్నాను. పదకొండు కేబుళ్లు ఒకే వరసలో, బెత్తెడు బెత్తెడు ఎడంతో లోపలికి వెళుతున్నాయి. ఒక్కో కేబులుకు ఒక్కో గ్లాండు, అంటే కేబులు చుట్టూ బిగుసుకునే మూతి. ఏ కేబులూ తిన్నగా పోలేదు. ప్రతిదీ డబ్బా కన్నా జానెడు కిందికి దిగి, అక్కడ వంపు తిరిగి, మళ్లీ పైకి లేచి గ్లాండులోకి దూరింది. వాన కేబులు వెంబడి జారి వచ్చినా ఆ వంపు దగ్గరే చుక్క రాలిపోవాలి. పన్నెండో రంధ్రం తర్వాత పెట్టే మోటారు కోసం. దానికి ఇప్పుడే మరబిరడా బిగించి ఉంది. పైన గాని పక్కల గాని ఒక్క చిల్లు లేదు. స్తంభం మీంచి దిగే మెయిన్ కేబులును పైనుంచే లోపలికి దించితే గజం కేబులూ గంట పనీ మిగిలేవి. ఆయన దాన్ని కూడా కిందిదాకా తెచ్చి వంపు తిప్పాడు.

ఇంత శ్రద్ధ ఎందుకో తెలియాలంటే గుంటలో రాత్రి ఏం జరుగుతుందో తెలియాలి. 2009లో వనామి రొయ్యకు అనుమతి వచ్చాక టైగర్ రొయ్య వెనకబడింది. వనామిని ఒత్తుగా పెంచుతారు. సుమారు నాలుగైదు వందల కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ ఏరియేటర్ కావాలని లెక్క. పగలు నీటిలోని పచ్చదనం ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక అదే పచ్చదనం రొయ్యలతో పాటు ఆక్సిజన్‌ను తాగేస్తుంది. తెల్లవారే ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలత, రైతులు డీవో అనేది, అట్టడుక్కి వస్తుంది. లీటరుకు మూడు మిల్లీగ్రాములకు దిగిందంటే గుండె దడే. ఆ వేళలో ఒక్క కాంటాక్టర్ పట్టకపోతే రొయ్యలు గట్టు వారకి తేలి వస్తాయి. నెలల తరబడి పోసిన మేత, తెచ్చిన అప్పు, అన్నీ ఆ డబ్బాలోని రెండు లోహపు బిళ్లలు శుభ్రంగా ఒకదాన్నొకటి తాకడం మీద నిలబడి ఉంటాయి.

ఇక్కడి గాలి ఆ బిళ్లలకు శత్రువు. ఏరియేటర్లు ఎగజిమ్మే ఉప్పు తుంపర, సముద్రపు గాలి, ఈశాన్య రుతుపవనాల వాన కలిసి ఇనుమును తుప్పు పట్టిస్తాయి, రాగిని చిలుము పట్టిస్తాయి. రంగు వేసిన రేకు డబ్బా ఇక్కడ ఎంతో కాలం నిలవదు. మరల దగ్గర రంగు చెక్కు లేచిన చోట మొదలై తుప్పు రేకును లోలోపలే తినేస్తుంది. అందుకే ఫైబర్. అయితే ఫైబర్ డబ్బాకు మామూలు ఇనుప కీలు బిగించేవాళ్లున్నారు. డబ్బా బాగానే ఉంటుంది, తలుపు ఊడి చేతికొస్తుంది. ఈయన కీళ్లూ మరలూ స్టెయిన్‌లెస్ స్టీలువి, అందులోనూ 316 రకానివి వాడాడు. ఆ రకంలో మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి, 304 రకానికి గోధుమ మచ్చలు పడే చోట కూడా ఇది ఎక్కువ కాలం తట్టుకుంటుంది.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచింది వాన సంగతి కాదు. డబ్బా ఊపిరి పీలుస్తుంది! మిట్టమధ్యాహ్నం ఎండకు, లోపలి కాయిళ్ల వేడికి లోగాలి 55 డిగ్రీలకు చేరి, రాత్రి 25కు దిగిందనుకుందాం. లెక్కేస్తే గాలి నూటికి తొమ్మిది పాళ్లు కుంచించుకుపోతుంది. ఇరవై లీటర్ల డబ్బా అయితే దాదాపు రెండు లీటర్ల బయటిగాలిని లోపలికి లాగుతుంది. సముద్రం ఒడ్డు రాత్రిగాలి తేమతో నిండి ఉంటుంది. ఆ రెండు లీటర్లలో ఉండే నీరు దాదాపు ఒక్క చుక్క. రోజూ ఒక చుక్క లోపలికి రావచ్చు, చల్లటి గోడకు పట్టినదంతా మర్నాడు బయటికి పోదు. వాన నుంచి పూర్తిగా కాపాడిన డబ్బాలో కూడా ఆరు నెలలకు అడుగున నీళ్లు ఊరేది అందుకే. తలుపు రబ్బరును ఎంత బిగించినా లాగుతుంది, దారి దొరక్కపోతే కేబులు గుండా లాగుతుంది. గుంటలో పడున్న కేబులు పైతొడుగు ఎక్కడైనా చిట్లితే, రాగి తీగల సందుల్లోంచి నీళ్లు పాకుకుంటూ డబ్బా దాకా వస్తాయి.

దీనికి ఆయన చేసిన పని చిన్నది. అడుగున ఒక మూల, అన్నిటికన్నా పల్లపు చోట, చిన్న ఊపిరి బిరడా. దాని లోపల టెఫ్లాన్ పొర ఉంటుంది. గాలి పోయి వస్తుంది, నీటి చుక్క దూరదు. డబ్బాను కూడా ఆ మూలకు వెంట్రుకవాసి వాలుగా బిగించాడు. స్పిరిట్ లెవెల్ పెట్టి చూస్తే గాని కంటికి తెలియని వాలు అది.

డబ్బా కొన్నప్పుడు తలుపు మీద ఐపీ 65 అని రాసి ఉంటుంది. ముందున్న ఆరు అంటే దుమ్ము బొత్తిగా చొరబడదని, తర్వాతి ఐదు అంటే గొట్టంతో అన్ని వైపుల నుంచీ నీళ్లు కొట్టినా చెడదని. ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. ఉప్పు గురించి, తుప్పు గురించి ఆ అంకెలు ఏమీ చెప్పవు. పైగా ఆ హామీ కంపెనీ గేటు దాటిన డబ్బాకే. మనం డ్రిల్లు పెట్టి మొదటి చిల్లు వేసిన నిమిషం నుంచి హామీ మన చేతిది. ఆయన రంధ్రాలు కోసిన తీరు చూస్తే ఈ సంగతి ఆయనకు చదివి కాక చేతికి తెలుసనిపించింది. రంధ్రపు రంపంతో గుండ్రంగా కోసి, అంచు ఆకురాయితో నునుపు చేసి, పొడి తుడిచి, ఆ తర్వాతే గ్లాండు.

ఇంకొకటి. ఉప్పునీరు తోడే సబ్‌మెర్సిబుల్ మోటారుకు బల్లపరుపు కేబులు వస్తుంది. గుండ్రటి గ్లాండులో పెట్టి ఎంత బిగించినా రెండు చివర్లా సందు మిగులుతుంది. చాలామంది ఆ సందుకు టేపు చుట్టి ఊరుకుంటారు. ఈయన పెద్ద డబ్బాకు గజం దూరంలో చిన్న డబ్బా ఒకటి విడిగా పెట్టాడు. బల్లపరుపు కేబులు చీలిక ఉన్న రబ్బరులోంచి దాంట్లోకి వచ్చి ఆగిపోతుంది, అక్కణ్ణించి పెద్ద డబ్బాకు గుండ్రటి కేబులు బయలుదేరుతుంది. తీగల వెంట నీళ్లు పాకి వచ్చినా ఆ చిన్న డబ్బాలోనే రాలిపోతాయి, కాంటాక్టర్ల జోలికి రావు.

ఇదే చిన్న డబ్బా నెల్లూరులో మేముండే అపార్టుమెంటుకు ఉంటే ఎంత బాగుండేది! మా సెప్టిక్ ట్యాంకు పంపు వైర్లను ఎవరో మూత కిందే, గొయ్యి లోపలే కలిపారు. స్టార్టర్ పైన గోడకే ఉంది గాని, గొయ్యిలోంచి వైర్లు తెచ్చిన పైపు నోరు మూయలేదు. కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ ఆ పైపులోంచి ఎక్కి, ఏడాది తిరక్కుండానే కాంటాక్టర్ వెండి బిళ్లల్ని, రాగి కొసల్ని నల్లగా మార్చింది. వర్షాకాలంలో ఒక రాత్రి మోటారు మూలిగి ఆగింది, మురుగు మెట్ల దాకా వచ్చింది. అంతటితో పోవడం మా అదృష్టం. గొయ్యిలో మీథేన్ కూడా పుడుతుంది, కాంటాక్టర్ పడ్డ ప్రతిసారీ నిప్పురవ్వ పుడుతుంది. ఆ పైపులో గుప్పెడు సీలింగ్ మట్టి కూరి ఉంటే చాలు. ఈ సంగతి పెద్దాయనకు చెబితే గుంట అడుగున పేరుకునే నల్ల బురద చూపించాడు. "ఆ వాసనే ఇదీ" అన్నాడు.

అప్పుడు గాని తలుపు తెరవనిచ్చాడు కాదు. లోపల 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకర్లు ఏరియేటర్ల వరుసకొకటి చొప్పున ఉన్నాయి. అన్నిటికీ కలిపి ఒకటే పెడితే తడి కేబుళ్ల చిన్న చిన్న లీకేజీలన్నీ పోగై మాటిమాటికీ పడిపోతుంది. విసుగెత్తి రైతు దాన్ని తప్పించి వైరు నేరుగా కలిపేస్తాడు. తర్వాత గుంటలో దిగినవాడి ప్రాణానికి కాపలా ఉండదు. విడివిడిగా పెడితే ఎవరికీ తప్పించే అవసరం రాదు. ఖర్చు ఎక్కువని ఆసామి గొణిగితే, ఆ సొమ్ము కూలీలో తగ్గించుకోమన్నాడట.

తలుపు లోపలి వైపు మార్కరుతో తేదీలు రాసి ఉన్నాయి, నెలకొకటి. తలుపు రబ్బరును మంచినీళ్ల గుడ్డతో తుడిచి ఉప్పు తీసిన రోజులవి. పెద్దాయన రబ్బరు చుట్టూ వేలు పోనిచ్చి, వేలి కొస నాలుకకు తాకించి చూశాడు.

"ఉప్పగానే ఉండాదిరా అబ్బయా, గుడ్డ తీసుకురా."

ఆయన వెంట ఉన్న కుర్రాడు గుడ్డ తడిపి తెచ్చాడు. తుడవడం అయ్యాక తలుపు మూసి, మరల్ని ఎదురెదురు మూలలవి ఒకదాని తర్వాత ఒకటిగా, కొంచెం కొంచెం బిగించాడు. చివరి మర బిగించబోతూ ఆగి, తేదీ రాయడం మరిచిపోయామని నాలుగూ మళ్లీ విప్పించాడు.