ముక్కలుగా పంచుకున్న రచయిత్రి: గోగు శ్యామల పుస్తకాల మీద పాఠకుల మాట

గోగు శ్యామల రచనల మీద మాట్లాడేవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. కాని ఎవరు ఏ పుస్తకం పట్టుకుని మాట్లాడుతున్నారో గమనిస్తే ఒక సంగతి బయటపడుతుంది. సాహిత్యం చదువుకునే పిల్లలకు ఆమె కథకురాలు. ఉద్యమ కార్యకర్తలకు సదాలక్ష్మి జీవిత కథ రాసిన మనిషి. స్త్రీల అధ్యయనం వాళ్లకు 'నల్లపొద్దు' సంపాదకురాలు. ఇంగ్లీషులో చదివేవాళ్లకు 2012లో నవయాన వేసిన ఒకే ఒక్క కథల పుస్తకం. ఈ నలుగురూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నామని అనుకుంటున్నారు. నిజానికి నాలుగు ముక్కలు పంచుకున్నారు, అంతే.

ఇది నాకు ఒక సెమినార్‌లో అర్థమైంది. ఎక్కడ, ఎవరు పెట్టారన్నది అనవసరం. శ్యామల కథల మీద పత్రం ఒక గదిలో, 'సృజన' అనే తలకట్టు కింద. 'నేనే బలం' మీద పత్రం ఇంకో గదిలో, 'చరిత్ర' అనే తలకట్టు కింద. రెండూ ఒకే సమయానికి. కథల గదిలో ఉన్నోళ్లకు సదాలక్ష్మి ఎవరో తెల్వదు. చరిత్ర గదిలో ఉన్నోళ్లు కథలు చదవలేదు. నేను రెండు గదుల మధ్య వరండాలో నిలబడి ఏ తలుపు తియ్యాలో తోచక చాయ్ తాగి వచ్చాను. అప్పటి నుంచి విద్యార్థులూ, మాస్టార్లూ, సంఘాల వాళ్లూ ఈ పుస్తకాల మీద ఏమంటున్నారో వింటూ వస్తున్నాను. ఆ మాటల మీద నా మాట ఇది.

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది భాష గురించి. కోస్తా వైపు పనిచేసే ఒక తెలుగు మాస్టారు, మంచి మనిషే, కథలు బాగున్నాయిగాని సగం మాటలు అర్థం కాలేదన్నారు. ఇందులో కోపగించుకోవాల్సింది లేదు. కాని ఒకటి అడగాలి. తాండూరు దగ్గర పెద్దేముల్‌లో పుట్టిన పిల్ల బడికి పోయినప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాల భాషను పాఠ్యపుస్తకంలో పెట్టి ఇదే తెలుగు అన్నప్పుడు ఆ పిల్లకు ఎన్ని మాటలు అర్థమయినయి? ఆ పిల్లకు వెనక అర్థాల పట్టిక ఎవరూ అచ్చేయలేదు. నేర్చుకుంది. ఇప్పుడు నేర్చుకునే వంతు అటువైపు వచ్చింది. ఇక్కడ ఇంకో సంగతి కూడా ఉంది. దీన్ని 'తెలంగాణ యాస' అని ఒక్క మాటలో తేల్చేస్తే తెలంగాణ వాళ్లం కూడా తప్పించుకుంటున్నట్టే. వరంగల్లు దొర ఇంట్లో మాట్లాడేదీ తెలంగాణ మాటే. శ్యామల కథల్లోది కర్ణాటక సరిహద్దు ఊళ్ల మాట, అందులోనూ మాదిగవాడ మాట. హైదరాబాదులో పుట్టి పెరిగిన నా విద్యార్థులు కూడా ఆగి ఆగి చదివారు.

రెండో అభిప్రాయం కార్యకర్తలది. దీని మీదే ఎక్కువసేపు మాట్లాడాలి. ఈ కథల్లో కోపం చాలదంటారు వాళ్లు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన తరం వాళ్లు ఈ మాటంటున్నారు. వాళ్లకు అనే హక్కుంది. చెరువు తన గోడు తాను చెప్పుకుంటుంది, పిల్లోడు తల్లికి చెప్పులు కుడతడు, పిల్లలు పొలాల్ల ఆడుకుంటరు. ఇదంతా చదివితే వాడ చల్లగా ఉన్నట్టు కనబడుతుందని, చదివే అగ్రకులపోడికి ఊరట దొరుకుతుందని వాళ్ల బాధ.

నేను కూడా మొదటిసారి చదివినప్పుడు కొంచెం అట్లనే అనుకున్నాను. రెండోసారి చదివినప్పుడు మారింది. అప్పటిదాకా వాడ గురించి మనం చదివిందాంట్లో ఎక్కువ భాగం వాడ మీద పడ్డ దెబ్బ గురించి. దెబ్బ పడనప్పుడు వాడ ఏం చేస్తుంది? అంటరానితనం లేని రోజంటూ లేదు, నిజమే. కాని అంటరానితనమే మనిషంతా కాదు. తోలు నానబెట్టడానికి లంద కావాలి, సున్నం కావాలి, తంగెడు చెక్క కావాలి. ఎప్పుడు తియ్యాలో, ఎంత పదునుకు రావాలో తెలియాలి. ఆరె, రంపె, గూటం పట్టిన చేతికి లెక్క తెలుసు, కొలత తెలుసు. దాన్ని ఊరు కంపు అన్నది. పాత అభ్యుదయ కథ పీడన అన్నది. ఆ పనిలో ఉన్న తెలివిని తెలివిగా రాసినోళ్లు తక్కువ. శ్యామల రాసింది. ఊరందరికీ చెప్పులు కుట్టిన కులంలో తల్లి ఉత్త కాళ్లతో నడుస్తుంటే, పిల్లోడు ఆమె కాళ్లకు చెప్పులు కుడతడు. ఇందులో కోపం లేదని ఎట్లంటరు? కోపం పని రూపంలో ఉంది. అరుపు రూపంలో లేకపోతే మనకు వినబడకుండా పోయింది.

పైగా అరుపు కూడా లేకపోలేదు. కూతుర్ని జోగిని చెయ్యమని ఊరు పట్టుబడితే, తండ్రి ఆమెను తప్పించి హాస్టల్లో చేర్పించే కథ ఉంది. ఊరు అతన్ని ఊరికే వదలదు. ఆ కథను నేను తరగతిలో చదివిన రోజు వెనక బెంచీలో ఒకమ్మాయి బయటికి వెళ్లిపోయింది. తర్వాత వచ్చి ఏం చెప్పలేదు, నేనూ అడగలేదు. జోగిని వ్యవస్థను నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చట్టం వచ్చింది. చట్టం గురించి వ్యాసాలు రాసినోళ్లం ఉన్నాం. హాస్టల్ అనే నాలుగు గోడలు మాదిగ పిల్లకు ఏమిటో ఈ కథ చెప్పినట్టు ఆ వ్యాసాలు చెప్పలేదు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో పురుగుల అన్నం తిన్నోళ్లం మనలో చాలామందిమి. అయినా అదే అన్నం మనల్ని నిలబెట్టింది. రెండూ నిజమే.

కార్యకర్తల మాటలో నేను ఒప్పుకునేది ఒకటుంది. కొన్ని చోట్ల కథ తన కాళ్ల మీద తాను నడుస్తుండగా మధ్యలో రచయిత్రి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. చెరువు కథలో చెరువు చూసింది చెప్పినంతసేపు అద్భుతంగా ఉంటుంది. చెరువు ఉపన్యాసం అందుకున్నప్పుడు నీళ్లు తగ్గుతాయి. బైండ్లామె తన భూమి తానెందుకు అడగకూడదు అనే కథలో ఈ ఇబ్బంది రాదు, ఎందుకంటే అక్కడ వాదన పాత్రదే. ఊరమ్మ పండుగకు బైండ్లోళ్లు లేకుంటే పని జరగదు. పండుగ అయినంక వాళ్లకున్న మాన్యం మాత్రం ఎవరి చేతిలోనో ఉంటుంది. దేవతతో మాట్లాడే మనిషి పట్టా గురించి మాట్లాడితే ఊరికి ఎందుకంత కష్టం? ఈ ప్రశ్నను సంక్షేమ శాఖ నివేదిక కూడా అడగొచ్చు. కాని నివేదికలో ఆమె నవ్వదు, తిట్టదు.

మగ పాఠకుల గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. మాలో చాలామందిమి సంపుటానికి పేరిచ్చిన 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం' అనే కథను తల్లి ప్రేమ కథగా మెచ్చుకుని ఊరుకుంటాం. కళ్లు చెమర్చాయి అంటాం. ఆ సామెతలో తండ్రి కూడా ఉన్నాడు గదా! రెండింటినీ త్రాసులో పెట్టి తూచిన మాట అది. తూచింది ఇంటి పిల్ల. ఆ తూకం గురించి మన సభల్లో ఎవరూ మాట్లాడరు.

పిల్లల పుస్తకం సంగతి ఇంకా విచిత్రం. అన్వేషి పూనుకుని భిన్నమైన బాల్యాల మీద పిల్లల కథలు తెచ్చినప్పుడు శ్యామల కథలు రెండు బొమ్మలతో 2008లో వచ్చాయి. ఒకటి చెప్పుల పిల్లోడిది, ఇంకోటి పొలానికి నీళ్లు కట్టబోయి, తన మీదికొచ్చిన ఆసామిని తిప్పికొట్టిన పిల్లది. ఈ రెండోది పిల్లలకు చెప్పగూడదని ఒక టీచరమ్మ అన్నారు. ఏ పిల్లలకు అని అడిగాను. పొద్దున లేచి పొలానికి పోయే పిల్లకు ఆ ఆసామి ముందే తెలుసు. తెలియనిది పుస్తకంలో తాను గెలవొచ్చని. తాటకిని చంపడం దగ్గర నుంచి మొదలయ్యే కథలు చదివి పెరిగిన బడిలో, తాటకి గెలిచిన కథ ఒకటి ఉంటే ఆకాశం విరిగిపడదు. టీచరమ్మ ఒప్పుకోలేదు. ఆ చర్చ ఇంకా అట్లనే ఉంది.

ఇక కథలు కాని పుస్తకాల దగ్గరికి వద్దాం. 'నల్లపొద్దు' 2003లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. 1921 నుంచి 2002 దాకా దళిత స్త్రీల సాహిత్యం. ఆ సంవత్సరాలే ఒక వాదన. 1993లో 'నీలిమేఘాలు', 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చాయి. ఒకటి స్త్రీవాదం జెండా, ఇంకోటి దళిత కవిత్వం జెండా. రెండు జెండాల కింద నిలబడ్డా దళిత స్త్రీకి నీడ పూర్తిగా పడలేదు. మీకు చరిత్ర ఎక్కడుంది, ఇప్పుడిప్పుడే గదా రాస్తున్నారు అనేవాళ్లకు తాడి నాగమ్మ లాంటి వాళ్లను వెతికి తెచ్చి చూపించింది ఈ పుస్తకం. పరిశోధక విద్యార్థులు దీన్ని ఎట్లా వాడుకుంటున్నారో నాకు తెలుసు. కావలసిన కవిత జిరాక్స్ తీసుకుంటారు, సంపాదకురాలి ముందుమాట వదిలేస్తారు. సేకరించడం కూలిపని అని, విశ్లేషించడం మేధావి పని అని మన బుర్రల్లో ఉన్న విభజన ఇది. ఏ పేరు ఎందుకు పోయింది, ఎవరి ఇంట్లో ఏ కాగితం చెదలు పట్టింది, ఏది చేర్చాలి, ఏది వదలాలి, ఇవన్నీ సిద్ధాంతం కాకపోతే సిద్ధాంతం అంటే ఏమిటో నాకు తెలియదు.

2006లో జూపాక సుభద్రతో కలిసి మాదిగ, మాదిగ ఉపకులాల ఆడోళ్ల కథలు 'నల్లరేగటిసాల్లు'గా తెచ్చినప్పుడు, దళితులం అందరం ఒక్కటై ఉండగా మళ్లీ విడిగా ఎందుకని అడిగినోళ్లున్నారు. ఇప్పటికీ అడుగుతున్నారు. దండోరా 1994లో మొదలైంది. వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఉపవర్గీకరణ చెల్లుతుందని అదే కోర్టు చెప్పింది. కోర్టుకు ఇరవై ఏళ్లు పట్టిన సంగతి ఆ ఆడోళ్లు కథల్లో అంతకుముందే రాసుకున్నారు. మాల పాఠకులు కొందరు నొచ్చుకున్నారు, తెలుసు. ఆ నొప్పి మీద కూడా ఒక మంచి వ్యాసం రావాలి. నొచ్చుకున్నోళ్లే రాస్తే బాగుంటుంది.

'నేనే బలం' మీద వాదన వేరు. టి.ఎన్. సదాలక్ష్మి కాంగ్రెస్ మంత్రి గదా, ఆమెను ఎత్తుకోవడమేమిటి అని విప్లవ రాజకీయాల నుంచి వచ్చిన ఒక మిత్రుడు అన్నాడు. పాకీపని చేసే మెహతర్ కులంలో పుట్టిన ఆడమనిషి డిప్యూటీ స్పీకర్ అయింది. దేవాదాయ శాఖ మంత్రి అయింది. గుడి మెట్లు ఎక్కనియ్యని కులం నుంచి వచ్చి గుళ్ల శాఖకు మంత్రి! 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలబడింది, ముసలితనంలో దండోరాకు అండగా నిలిచింది, 2004లో పోయింది. ఆమె బతుకుకథ పుస్తకంగా 2011లో వచ్చింది. మంత్రిగిరీ చేసినోళ్ల గురించి ఎన్ని లావుపాటి పుస్తకాలు లేవు! ఈమె దగ్గరికి వచ్చేసరికే మన వర్గ చైతన్యం నిద్ర లేస్తుంది. మిత్రుడితో ఈ మాటే అన్నాను. నవ్వి ఊరుకున్నాడు, పుస్తకం మాత్రం పట్టుకుపోయాడు. ఇంతవరకు తిరిగివ్వలేదు.

అయితే ఈ పుస్తకాన్ని పూజగదిలో పెట్టడానికి నేను ఒప్పుకోను. చెప్పింది విని రాసిన బతుకులో చెప్పిన మనిషికి అనుకూలమైన వెలుగు పడుతుంది. అది ఏ జీవిత కథకైనా ఉండేదే. అసెంబ్లీ చర్చల రికార్డులు పక్కన పెట్టుకుని చదవాల్సిన పుస్తకం ఇది. ఆ పని పిహెచ్.డి. కోసం ఎవరైనా మన పిల్లలు ఎత్తుకోవాలి.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఈ జీవిత కథను, ఆ కథల్ని పక్కపక్కన పెట్టి చదవండి. రెండింట్లోనూ రచయిత్రి చేస్తున్న పని ఒకటే: ఒక మనిషి దగ్గర కూర్చుని, ఆమె మాట తుంచకుండా వినడం. చెరువుకు నోరిచ్చిన చెయ్యి, సదాలక్ష్మి మాటను కాగితం మీద పెట్టిన చెయ్యి ఒకటే. కథల్లో పిల్లలు అంత ధైర్యంగా ఎట్లుంటారు, ఇది కల్పన గదా అనేవాళ్లు సదాలక్ష్మి చిన్నతనం చదివితే ఆ ప్రశ్న మళ్లీ వెయ్యరు. సదాలక్ష్మి ఒక్కతే ఎట్లా అంత మొండిగా నిలబడింది, మినహాయింపు గదా అనేవాళ్లు కథల్లో ఆ పొలానికి నీళ్లు కట్టబోయిన పిల్లను కలవాలి. ఒక పుస్తకం మీద వచ్చిన సందేహానికి జవాబు ఇంకో పుస్తకంలో ఉంది. రెండు గదుల్లో పెట్టి తలుపులు మూసుకుంటే ఎట్లా దొరుకుతుంది?

నా విద్యార్థి ఒకడు సెలవులకు ఇంటికి పోతూ చెప్పుల కథ ఉన్న పుస్తకం తీసుకుపోయాడు. వాళ్ల తాత ఒకప్పుడు చెప్పులు కుట్టినాయన, చూపు తగ్గింది. మనవడు చదువుతుంటే విన్నాడట. అయిపోయినంక బాగుందని గాని బాగలేదని గాని అనలేదట. ఏ తోలు, దున్నదా ఎద్దుదా, ఎన్ని రోజులు నానబెట్టిండు అని అడిగిండట. మనవడికి జవాబు తెలియలేదు. అయితే కూసో చెప్తా అని మొదలుపెట్టిండట ముసలాయన.