కదలని కాయం, రెండు పాఠాలు

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా కుక్క ఉందంటే ఇల్లు అద్దెకివ్వని ఓనర్లు చాలామంది. బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువతో ఆ పేచీ లేదు. మొరగదు, వాకింగ్‌కు తీసుకెళ్లక్కర్లేదు, పదిరోజులకో ఎలుక చాలు. పైగా 'చాలా శాంతం' అంటారు పెంచేవాళ్లు. ఈ శాంతం గురించి పోతన భాగవతంలోనే ఒకదానికొకటి పొసగని రెండు పాఠాలున్నాయి.

సప్తమ స్కంధంలో కావేరీ తీరాన ఒక ముని నేలమీద పడి ఉంటాడు. ఏ పనీ చేయడు, ఒళ్లు మాత్రం బలిసి ఉంది. పాటుపడనివాడికి ఇంత కాయం ఎలా వచ్చిందని ప్రహ్లాదుడు అడుగుతాడు. కొండచిలువ తన గురువులలో ఒకటంటాడు ముని: దొరికితే తినడం, లేకపోతే పడుకోవడం. దశమ స్కంధానికి వచ్చేసరికి అదే కదలని కాయం కొండచిలువ రూపం ధరించిన అఘాసురుడనే రాక్షసుడిది. కింది పెదవి నేలమీద, పై పెదవి మబ్బుల్లో, నాలుక బాటలా పరిచి ఉంది. గోపబాలురు దాన్ని చూసి, అచ్చం పాములా ఉందే అని కూడా అనుకుంటారు. మింగినా కృష్ణుడున్నాడులే అని చప్పట్లు కొడుతూ లోపలికి నడిచిపోతారు.

పాము వర్ణనగా రెండోదే గట్టిదని నా అభిప్రాయం. మొదటిదాంట్లో ఉన్నది మనిషి. తృప్తి అతను కావాలని ఎంచుకున్నది, కొండచిలువ ఒట్టి ఉపమానం. అఘాసురుడి వర్ణనలో అతిశయోక్తి ఆకాశానికంటింది, నిజమే. అయినా ఆ కదలకపోవడమే వేట అన్న ఎరుక అక్కడుంది. పెదవుల మీది గుంటలతో ఎర ఒంటివేడిని పసిగడుతూ మాటువేసే జీవి కొండచిలువ. తిన్నాక మత్తుగా పడి ఉన్నట్టు కనిపించినా లోపల పెద్ద పనే జరుగుతుంటుంది. మేసిన రెండు రోజుల్లో బర్మా కొండచిలువ గుండె కండరం 40 శాతం పెరుగుతుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. ఇక బాల్ పైథాన్ బెదిరితే తల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. అరచేతిలో ముడుచుకున్న ఆ బెదురునే మనం శాంతమంటున్నాం.

ప్రహ్లాదుడిది ఒక్కటి మెచ్చుకోవాలి: అడిగాడు. కొనేవాళ్లు అడగాల్సినవి చాలా ఉన్నాయి. మన నేల కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. పట్టి ఇంట్లో పెట్టుకుంటే కనీసం మూడేళ్ల జైలు. ఆఫ్రికా నుంచి వచ్చిన బాల్ పైథాన్‌కు దారి వేరు: 2022 చట్ట సవరణ, 2024 నిబంధనల కింద కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పెట్టెలో ఒక మూల 32 డిగ్రీలు, ఇంకో మూల 26 ఉండాలని పెంపకందార్ల లెక్క. విదేశీ పుస్తకాలు హీటర్ కొనమంటాయి. మే నెలలో స్లాబు కింది పై అంతస్తు గదిలో ఆ 26 ఎక్కణ్నుంచి తేవాలో అవి చెప్పవు.

ఆయుష్షు ఇంకో లెక్క. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో అరవై దాటిన బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. మన దగ్గర అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకు రాస్తారు.