దరఖాస్తు ఫారంలో లేని గడి
ఆన్‌లైన్ ఫైనాన్స్ పీజీ - విశాఖ దళిత విద్యార్థి

దళితుల చదువు గురించి మాట్లాడినప్పుడల్లా మనం మూడు మాటల చుట్టూ తిరుగుతూ వచ్చాం. సీటు, హాస్టలు, స్కాలర్‌షిప్పు. వీటికోసమే ధర్నాలు చేశాం, కలెక్టరాఫీసుల ముందు కూర్చున్నాం, లాఠీ దెబ్బలు తిన్నాం. ఇప్పుడు సీటుకి పెద్దగా కొరత లేని, హాస్టలుతో అసలు పనే లేని చదువు ఒకటి వచ్చింది. మూడో మాట మాత్రం దానితో పాటు రాలేదు. దాని గురించే ఈ వ్యాసం.

విశాఖలో మా దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలు ఈమధ్య ఒకే ప్రశ్న వేస్తున్నారు. బీకాం పాసై స్టీలుప్లాంటులో కాంట్రాక్టు కింద, పరవాడ ఫార్మా కంపెనీల్లో, పోర్టు పక్కన క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసుల్లో పనిచేస్తున్నవాళ్లు వీళ్లంతా. "సార్, ఆన్‌లైన్లో ఎంబీఏ ఫైనాన్స్ అంటున్నారు, ఎమ్మెస్సీ ఫైనాన్స్ అంటున్నారు, అప్లై చెయ్యమంటారా?" చెయ్యమనో వద్దనో ఒక్క ముక్కలో చెప్పి పంపెయ్యొచ్చు. అలా కాకుండా ఆ ప్రాస్పెక్టస్‌లూ దరఖాస్తు ఫారాలూ ముందేసుకుని, నవలనో కథనో చదివినట్టు చదివాం. ఎవర్ని మనసులో పెట్టుకుని రాశారు? ఎవరు వస్తారని అనుకోనే లేదు? సాహిత్య విమర్శలో మనం వేసే ప్రశ్నలే ఫారానికీ వెయ్యొచ్చు. ఫారం కూడా రచనే. రాసినవాడి కులమూ వర్గమూ అందులోనూ కనబడతాయి.

ముందు ఫైనాన్స్ అన్న మాట దగ్గర ఆగాలి. మల్కాపురంలోనో కంచరపాలెంలోనో "ఫైనాన్సోడు వచ్చాడ్రా" అని ఎవరైనా కేకేస్తే ఏమని అర్థం? కిస్తీ కట్టలేదని బండి ఎత్తుకుపోయేవాడు, పొద్దుగూకేవేళ పుస్తకం పట్టుకుని డైలీ వసూలుకి వచ్చేవాడు అని. ఫైనాన్స్ మన నెత్తిమీద వుండేదే తప్ప మన చేతిలో ఎప్పుడూ లేదు. కులం మనకి భూమి లేకుండా చేసిందని చెప్పుకుంటాం, అది నిజమే. భూమితో పాటు లెక్కని కూడా తీసేసుకుంది. కూలి లెక్క ఆసామి దగ్గరుండేది, అప్పు లెక్క షావుకారు దగ్గరుండేది. మన తాతలు పద్దులో పేర్లుగా వుండేవాళ్లు, పద్దు రాసినవాళ్లు వేరే.

ఆ తేడా ఈ వూరికి ఎంత నష్టం చేసిందో ఉక్కు ఫ్యాక్టరీని చూస్తే తెలుస్తుంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 64 గ్రామాల జనం భూములొదిలారు. భూమి వున్నవాడి త్యాగానికి ఒక లెక్క వుంది, ఆ భూమిలో కూలి చేసినవాడి త్యాగం ఏ లెక్కకీ సరిగ్గా ఎక్కలేదు. అయినా 1992లో జాతికి అంకితమైన ఆ ఫ్యాక్టరీ ప్రభుత్వరంగంలో వుంది కాబట్టి, రిజర్వేషన్ వుంది కాబట్టి, కొన్ని దళిత కుటుంబాలు మొదటిసారి నెల జీతం, క్వార్టరు, పీఎఫ్ చూశాయి. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం నూటికి నూరుశాతం వాటా అమ్మేద్దామని తీర్మానించింది. కూర్మన్నపాలెంలో శిబిరం వేశారు. సొంత ఇనుప గనులు లేకపోవడం, ఖనిజం బయట కొనాల్సి రావడం, అప్పుల మీద వడ్డీ... ఇవన్నీ కార్మిక నాయకులు బాగానే చెప్పారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. అందులో 10,300 కోట్లు ఈక్విటీ. మిగతా 1,140 కోట్లు, పదేళ్ల తర్వాత తీర్చేలా, 7 శాతం నాన్ క్యుములేటివ్ ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చిన వర్కింగ్ కాపిటల్ అప్పు.

ఈ ఆఖరి వాక్యాన్ని విప్పి చెప్పగలిగే మనిషి మన వాడల్లో ఎంతమంది వున్నారు? నాన్ క్యుములేటివ్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఒక ఏడాది డివిడెండ్ ఇవ్వలేకపోతే అది మరుసటి ఏటికి బాకీగా పేరుకోదు, అంతే. అయితే ఆ మాత్రం తెలియనప్పుడు మన బతుకు మీద జరిగిన ఒప్పందాన్ని పేపరువాడు చెప్పినట్టు వినాల్సిందే. ప్యాకేజీ వచ్చిన నాలుగు నెలలకే, 2025 మే నెలలో, కాంట్రాక్టు కార్మికులు తొలగింపుల మీద సమ్మెకి దిగారు. అన్ని వేల కోట్లలో వాళ్ల కూలి ఏ పద్దు కింద వుందో అడగాలన్నా ఆ భాష రావాలి. బ్యాంకు ఉద్యోగం కోసం ఫైనాన్స్ చదువుతామనే పిల్లలతో మాకు పేచీ లేదు. ఉద్యోగం కావాలి, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు. ఉద్యోగంతో పాటు ఇది కూడా కావాలంటున్నాం.

ఈ శాస్త్రం మనకి పరాయిదని ఎవరైనా అంటే, సెంటర్లో విగ్రహం వైపు చూపించాలి. అంబేడ్కర్ చేతిలో పుస్తకం రాజ్యాంగమే. దానికి పాతికేళ్ల పైగా ముందు, 1923లో, ఆయన అచ్చువేసిన పుస్తకం రూపాయి సమస్య గురించి. 1925లో వచ్చింది రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాల గురించి. కరెన్సీ మీద వేసిన హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. రూపాయి మారకం విలువ తగ్గితే వ్యాపారికి వచ్చే లాభం ఆకాశంలోంచి వూడిపడదు, ధరలు పెరిగి కూలివాడు పోగొట్టుకున్నదే అది అని ఆయన వాదన. కరెన్సీ చర్చలోకి కూలివాణ్ణి తెచ్చి కూర్చోబెట్టాడు. మన సభల్లో ఈ అంబేడ్కర్ గురించి ఎందుకో తక్కువ మాట్లాడతాం.

ఆయన ప్రతిభ గురించి అందరూ చెబుతారు, ఫీజు ఎవరు కట్టారో చెప్పరు. 1913లో కొలంబియా వెళ్లింది బరోడా సంస్థానం స్కాలర్‌షిప్పు మీద. ఆ గడువు ముగిసిపోతే 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చాడు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి, జీతం కూడబెట్టి, షాహూ మహారాజు సాయం కూడా తీసుకుని 1920లో మళ్లీ ఓడెక్కాడు. అంతటివాడి చదువుకే డబ్బు దగ్గర మూడేళ్లు అడ్డం పడింది.

ఇక ఫారం. మన దేశంలో ఆన్‌లైన్ పీజీలకి అర్హత చాలావరకు డిగ్రీ మార్కులే. సాధారణంగా 50 శాతం, రిజర్వుడు వర్గాలకి 45. విదేశీ విశ్వవిద్యాలయాలైతే ఇంకా అడుగుతాయి: రెజ్యూమె, ఇద్దరి సిఫారసు లేఖలు, ఈ చదువు ఎందుకు కావాలో చెప్పే వ్యాసం. ఆ వ్యాసంలో నాయకత్వం వహించిన సందర్భమొకటి రాయమంటారు. మా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడు, ఎప్పుడూ ఆడని క్రికెట్ టీముకి కెప్టెన్‌గా వున్నట్టు రాసుకొచ్చాడు. నెట్ సెంటరువాడు ఐదొందలు తీసుకుని రాసిచ్చాడట. అదే కుర్రాడు వాళ్ల కాలనీలో అంబేడ్కర్ జయంతి కమిటీకి మూడేళ్లు చందాల పద్దు రాశాడు. ఒక్క రూపాయి తేడా రాలేదని పెద్దలందరూ ఒప్పుకున్న పద్దు. "అది రాయొచ్చా సార్?" అని అడిగాడు. ఫైనాన్స్ చదవడానికి వెళ్లేవాడు రాయాల్సింది మొట్టమొదట అదే. ఫారం అతన్ని అబద్ధం చెప్పమనలేదు. తన నిజం ఇక్కడ చెల్లదేమోనన్న భయాన్ని మాత్రం కలిగించింది. ఆ భయం మన బళ్లలో మొదలవుతుంది, ఫారం దాన్ని వాడుకుంటుంది.

సిఫారసు లేఖ సంగతి చూడండి. మీ పని తెలిసిన పై అధికారి చేత రాయించమంటారు. కాంట్రాక్టు కార్మికుడికి పై అధికారి ఎవరు? జీతం చీటీ కూడా సరిగ్గా ఇవ్వని కాంట్రాక్టరు. సిఫారసు అడిగితే "చదువుకుని మానేస్తావా ఏంటి" అని మర్నాటి నుంచి పనిలోకి రావద్దనేవాడు. ఇలాంటి చోట పాత కాలేజీ లెక్చరర్ల దగ్గరికి వెళ్లడమే దారి. ఈ పత్రిక చదివే ఉపాధ్యాయులు ఈ ఉత్తరాలు రాయడాన్ని చిన్న పనిగా అనుకోకూడదు.

తర్వాత పేరు. 2024 నుంచి దూరవిద్యలోనైనా ఆన్‌లైన్లోనైనా చేరేవాళ్లు యూజీసీ పోర్టల్‌లో డెబ్ ఐడీ తీసుకోవాలి. దానికి ముందు ఏబీసీ ఐడీ, దానికి ముందు ఆధార్. అన్నిట్లో పేరు ఒకేలా వుండాలి. జ్ఞానాపురం లాంటి చోట్ల ఇంట్లో ఒక పేరు, బాప్తిస్మం పేరొకటి, బళ్లో మాస్టారు రాసిన పేరొకటి. ఆధార్ వాళ్లు కొట్టినది నాలుగోది. ఇవి సరిచేసుకునేసరికి గడువు తేదీ దాటిపోతుంది. పక్కనే కులం గడి. క్రైస్తవంలోకి వెళ్లిన దళితుణ్ణి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ కాదంది, మన రాష్ట్రం బీసీ-సీలో పెట్టి ఒక శాతం ఇచ్చింది. వాడలో అందరికీ అతని కులం తెలుసు, ఫారానికి మాత్రం తెలియదు.

ఇవన్నీ దాటినా అసలు అడ్డు ఫీజు. ఉద్యమాలలో మనం సంపాదించుకున్న ఆయుధం సీట్లలో వాటా. వందలో పదిహేను అంటే ముందు ఆ వంద అనేది వుండాలి. అడిగినవాడికల్లా సీటిచ్చే చోట కోటా గడి వున్నా దానికి చేసే పని లేదు. వడపోత సీటు దగ్గర కాక డబ్బు దగ్గర జరుగుతుంది. అందుకే మన పిల్లల్ని ఎవరూ "నీకు సీటు లేదు" అనరు. ఫోన్ల మీద ఫోన్లు చేసి రమ్మంటారు. "ఇవాళే లాస్ట్ డేట్ సార్, ఈఎంఐ పెట్టుకోండి" అంటారు. అంటే ఫైనాన్స్ చదవడానికి ఫైనాన్స్ తీసుకోవాలి. వాడలోకి వచ్చే ఆ పుస్తకంవాడే యాప్‌లోంచి వస్తాడు.

స్కాలర్‌షిప్పు ఏదీ అంటే, ఇక్కడే మనం నిద్రపోయాం. కేంద్రం ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మార్గదర్శకాల్లో, 2010 నాటి వాటిలో, కరస్పాండెన్స్ కోర్సు చదివేవాళ్లకి కోర్సు ఫీజు తిరిగివ్వాలని, పుస్తకాలకి ఏడాదికి 1,200 రూపాయలివ్వాలని స్పష్టంగా వుంది. మన రాష్ట్రంలో 2019 నవంబర్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఇచ్చిన మార్గదర్శకాలు దూరవిద్య చదివేవాళ్లని అనర్హుల జాబితాలో పెట్టాయి. 2020 డిసెంబర్‌లో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లని కూడా బయటికి తోసింది. దానిమీద విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాయి. మంచిదే. అంతకు ఏడాది ముందే దూరవిద్య వాళ్లని తోసేసినప్పుడు మాత్రం చప్పుడు లేదు. విదేశీ చదువుల పథకానికి 2022లో అంబేడ్కర్ పేరు తీసేశారని గొడవ చేశాం, 2024లో ఆ పేరు తిరిగొచ్చింది. పేరు వున్నప్పుడైనా లేనప్పుడైనా అది విమానమెక్కేవాడి పథకం. గాజువాకలో కూర్చుని లండన్ డిగ్రీ చదివేవాడు అందులో లేడు. ఆ లండన్ విశ్వవిద్యాలయం 1858 నుంచీ బయటివాళ్లకి పరీక్షలు పెడుతోంది. ఇంటి దగ్గర చదివే చదువు నిన్న మొన్న పుట్టింది కాదు.

దూరవిద్య అంటే మనవాళ్లకీ చిన్నచూపే. "కరస్పాండెన్సా?" అని పెదవి విరుస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, 1991లో దానికి అంబేడ్కర్ పేరొచ్చింది. షిఫ్టుల్లో పనిచేసే కార్మికులు, పెళ్లయి చదువాగిపోయిన ఆడపిల్లలు, గుమాస్తాలు, ఆయాలు చదివింది అక్కడే. అంటే మన జనం. యూజీసీ గుర్తింపు వున్న సంస్థలిచ్చే దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబర్‌లో ప్రకటన వచ్చింది. డిగ్రీ సమానమైనప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎందుకు సమానం కాదు? ఈ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్పాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. లండన్‌లో అంబేడ్కర్‌కి బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ వుంది. ఆన్‌లైన్ విద్యార్థికి ఫోను, ఒంటిగది ఇల్లు వున్నాయి. పరీక్ష రాసేటప్పుడు కెమెరాలో ఇంకో మనిషి కనబడకూడదంటారు. ఆరుగురున్న ఒంటిగదిలో అది పరీక్ష కంటే పెద్ద పరీక్ష. ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని చదివితే పక్కవాడు ఎక్కడ ఆగిపోయాడో తెలియదు, తెలియక ఎవరికి వాళ్లే మానేస్తారు. అంబేడ్కర్ భవనాలు జయంతికీ వర్ధంతికీ తప్ప మిగతా రోజుల్లో తాళం వేసి వుంటాయి. ఆదివారం పూట తాళం తీసి పదిమంది కలిసి ఒక బ్యాలెన్స్‌షీట్ చదవచ్చు. ఉక్కు ఫ్యాక్టరీదే చదవచ్చు. ప్రభుత్వ సంస్థ వార్షిక నివేదిక ఎవరైనా చూడొచ్చు.

అప్లై చెయ్యమనే మేం చెబుతున్నాం. చేసేముందు ఆ సంస్థ పేరు, ఆ కోర్సు పేరు, ఆ సంవత్సరానికి యూజీసీ జాబితాలో వున్నాయో లేదో చూసుకోవాలి. ఫోను చేసినవాడి మాట మీద ఈఎంఐ కాగితం మీద సంతకం పెట్టకూడదు. ఆన్‌లైన్ డిగ్రీలకి ఫ్రాంచైజీలు కుదరవని యూజీసీ 2022 జనవరిలోనే హెచ్చరించింది కాబట్టి డబ్బు నేరుగా విశ్వవిద్యాలయానికే కట్టాలి. రసీదు దాచుకోవాలి. ఆ రసీదు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం జతచేసి జిల్లా సాంఘిక సంక్షేమ శాఖకి స్కాలర్‌షిప్పు కోసం రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలి. "మీకు రాదమ్మా" అని కౌంటర్లో నోటిమాటగా అంటే లేచి వచ్చెయ్యకూడదు. ఏ జీవో, ఏ పేరా ప్రకారం రాదో కాగితం మీద రాసి సంతకం పెట్టమనాలి. పెట్టకపోతే సమాచార హక్కు కింద అడగాలి. ఆ జవాబుల నకళ్లు మాకు పంపండి. అవి ఒకచోట చేరితే కోర్టుకి వెళ్లడానికైనా అసెంబ్లీలో ప్రశ్న వేయించడానికైనా పనికొస్తాయి.