ఒప్పందాల్లో లేని మాట

ఒక రచనలో ఏముందో చెబితే విమర్శ సగమే అవుతుంది. ఏం లేదో, ఎందుకు లేదో కూడా అడగాలి. కథలకూ కవితలకూ మనం పెట్టే ఈ గీటురాయిని ప్రభుత్వాలు రాసే పత్రాలకు ఎందుకు పెట్టకూడదు? అంతరిక్షంలో ఆయుధ పోటీని నివారిస్తామంటూ ఆరు దశాబ్దాలుగా వెలువడుతున్న ఒప్పందాలనూ ముసాయిదాలనూ నేను ఆ దృష్టితోనే చదివాను. నాకు తేలింది ఇదీ: ఎదుటివాడి ఆయుధాన్ని నిషేధించడానికి అందరూ సిద్ధమే. తన ఆయుధం దగ్గరికి వచ్చేసరికి ప్రతి రచయితా కలం ఆపేస్తాడు.

1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మహాసముద్రం పైన 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పేల్చింది. ఎంతో దూరాన ఉన్న హవాయీలో వీధి దీపాలు ఆరిపోయాయి. కక్ష్యలోని ఉపగ్రహాలు దెబ్బతిన్నాయి. అలాంటి భయాల మధ్య పుట్టిందే 1967 నాటి అంతరిక్ష ఒప్పందం. అణ్వాయుధాలనూ ఇతర సామూహిక విధ్వంసక ఆయుధాలనూ భూకక్ష్యలో పెట్టరాదని దాని నాలుగో అధికరణం శాసిస్తుంది. చంద్రుణ్ణీ ఇతర ఖగోళ గోళాలనూ కేవలం శాంతి ప్రయోజనాలకే వాడాలంటుంది. ఆ ‘కేవలం’ ఎక్కడ ఉందో గమనించండి. చంద్రుడికి వర్తించిన మాట, భూమికీ చంద్రుడికీ నడుమనున్న శూన్యానికి వర్తించలేదు. మామూలు ఆయుధాన్ని కక్ష్యలో ఉంచడం గురించీ, నేల మీది నుంచి ఉపగ్రహాన్ని కూల్చడం గురించీ ఆ అధికరణంలో ఒక్క ముక్క లేదు. ఇది అజాగ్రత్త అని నేననుకోను. 1968లో సోవియట్ యూనియన్ కక్ష్యలోనే ఉపగ్రహ విధ్వంసక పరీక్ష జరిపింది. 1985లో అమెరికా యుద్ధ విమానం నుంచి క్షిపణి వదిలి తన ఉపగ్రహాన్నే పేల్చింది. ఈ నిషేధాన్ని ఇద్దరూ మీరలేదు! మీరే అవసరం రాకుండా దాన్ని ముందే రాసుకున్నారు.

తర్వాతి రచనలదీ అదే శిల్పం. జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సులో 1985 నుంచి 1994 దాకా ఒక కమిటీ కూర్చుంది, ఒప్పందం పుట్టలేదు. 2008లో రష్యా, చైనాలు ఒక ముసాయిదా తెచ్చాయి. కక్ష్యలో ఆయుధాలు నిలపరాదంది. నేల మీది నుంచి వేసే క్షిపణుల పరీక్షను వదిలేసింది. అంతకు ఏడాది ముందే, 2007లో, చైనా అలాంటి క్షిపణితోనే తన ఉపగ్రహాన్ని మూడు వేలకు పైగా శకలాలు చేసింది. 2022లో అమెరికా తలపెట్టిన తీర్మానం సరిగ్గా ఆ పరీక్షలనే ఆపమంది. కక్ష్యలో నిలిపే ఆయుధాల జోలికి పోలేదు. ఈ రెండు పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒకదాని మౌనం మరొకదాని వాచకం. 2024లో భద్రతా మండలిలో ఇదే నాటకం మళ్ళీ నడిచింది. అణ్వాయుధాలను కక్ష్యలో పెట్టవద్దన్న అమెరికా, జపాన్ తీర్మానాన్ని ఏప్రిల్‌లో రష్యా వీటో చేసింది. అన్ని ఆయుధాలనూ నిషేధించమన్న రష్యా తీర్మానం మేలో 7–7 ఓట్లతో వీగిపోయింది.

ఈ మౌనాల ఖరీదు ఎవరు చెల్లిస్తున్నారు? 2021 నవంబరు 15న రష్యా తన పాత ఉపగ్రహాన్ని పేల్చినప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ఏడుగురూ ప్రాణాలు అరచేత పెట్టుకుని తమ నౌకల్లో తలదాచుకున్నారు. వారిలో ఇద్దరు రష్యన్లు. హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన తండ్రికి పుట్టిన రాజా చారి మరొకరు. శకలానికి జెండా రంగు తెలియదు.

పరాయి పత్రాలను ఇంత నిశితంగా చదివినవాళ్ళం మన పత్రాన్ని ఎలా చదువుదాం? 1985 జనవరిలో ఆరు దేశాల నేతల ఢిల్లీ ప్రకటన అంతరిక్ష ఆయుధాల తయారీనే కాదు, పరీక్షనూ నిషేధించమంది. అందులో మన ప్రధాని సంతకం ఉంది. 2019 మార్చి 27న మనమే, ఆ జనవరిలో శ్రీహరికోట నుంచి పంపిన ఉపగ్రహాన్ని క్షిపణితో కూల్చాం. ఆయుధ పోటీలో చేరే ఉద్దేశం లేదని ప్రభుత్వం ప్రకటించింది. శకలాలు వారాల్లో రాలిపోతాయన్నారు. కొన్ని ఏడాది దాటినా తిరుగుతూనే ఉన్నాయి. 2022 డిసెంబరులో 155 దేశాలు ఆ పరీక్షలు వద్దని ఓటు వేస్తే మనం తటస్థంగా ఉండిపోయాం. స్వచ్ఛంద హామీలు చాలవు, చట్టబద్ధమైన ఒప్పందం కావాలన్నది మన వాదన. వాదన సరైనదే. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంలో ఉన్నవాళ్ళకో న్యాయం, లేనివాళ్ళకో న్యాయం జరిగిన అనుభవమూ మనకుంది. కానీ తలుపు మూసేలోగా లోపలికి దూరాలనుకున్న ప్రతివాడూ చెప్పింది ఇదే. చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుంటామని చెప్పడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

నేను దౌత్యవేత్తను కాను, పాఠకుణ్ణి. ఢిల్లీ ప్రకటనలో ఉన్న ‘పరీక్ష’ అనే మాట మన నేటి విధానంలోంచి ఎక్కడ జారిపోయిందని అడగడం పాఠకుడి హక్కు. ఆ ప్రశ్న ముందుగా మన ఇంట్లో వేయలేని విమర్శకుడికి, దాన్ని వాషింగ్టన్‌లోనూ మాస్కోలోనూ బీజింగ్‌లోనూ వేసే అర్హత లేదు.